కరణం మల్లీశ్వరి, భారత మహిళల వెయిట్‌లిఫ్టింగ్

కరణం మల్లీశ్వరి (జననం: 1975 జూన్ 1) ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన ఈ వెయిట్‌లిఫ్టర్ 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేతగా నిలిచారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఆ ఒలింపిక్స్‌లో భారతదేశానికి దక్కిన పతకం అదొక్కటే. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు. సిక్కోలు పల్లెలో బరువులెత్తడం మొదలుపెట్టిన అమ్మాయి రాజధానిలో ఒక విశ్వవిద్యాలయానికి పునాది వేసే బాధ్యత దాకా ఎదిగిన తీరును, అదే కాలంలో మహిళల బలక్రీడలకు దారులు తెరుచుకున్న క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఊరు, ఇల్లు

మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలోనే. ఆమె తండ్రి మనోహర్ రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్, తల్లి శ్యామల గృహిణి. ఇంట్లో అందరూ ఆడపిల్లలే. అక్కచెల్లెళ్లంతా బరువులెత్తడంలో శిక్షణ పొందినవారే.

ఈ ప్రాంతానికి దేహబలం కొత్త కాదు. ‘కలియుగ భీముడు’గా పేరొందిన కోడి రామమూర్తి నాయుడిది ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలోని వీరఘట్టం. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న ఆ మల్లుడి కథలు ఉత్తరాంధ్రలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికీ ఆయన పేరే పెట్టారు. అయితే తాలింఖానా, సాము, గరిడీ అన్నీ మగపిల్లలవే. ఆడపిల్ల బరువెత్తితే ఒళ్లు మొరటుబారుతుందని, పెళ్లి కాదని, పిల్లలు పుట్టరని భయపెట్టే మాటలు 1980లలో ఊళ్లలోనే కాదు, పట్టణాల్లోనూ వినిపించేవి. పొలంలో గడ్డిమోపు, బావి నుంచి నీళ్ల బిందె, పొయ్యి దగ్గరికి కట్టెల మోపు మోసేది ఆడవాళ్లేనన్న సంగతి ఆ మాటలన్నవారికి గుర్తుకు రాలేదు. వారి అభ్యంతరం బరువు మీద కాదు, ఆ బరువెత్తినందుకు ఆడపిల్లకు పేరు రావడం మీద.

మల్లీశ్వరి 12 ఏళ్ల వయసులో కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర శిక్షణకు వెళ్లారు. మరీ సన్నగా ఉందని మొదట్లో ఆయన ఆమెను చేర్చుకోలేదు. అప్పుడు తల్లి శ్యామల కూతురికి ధైర్యం చెప్పి, పట్టు వదలొద్దని ప్రోత్సహించారు. భారత మహిళల క్రీడా చరిత్ర రాసేటప్పుడు ఈ తల్లి పేరు మరవకూడదు. కానిస్టేబులు జీతంతో నడిచే ఇంట్లో కూతుళ్లందరికీ బలమైన తిండి పెట్టడం, వాళ్లను సాధనకు పంపడం, ఊరి మాటకు జవాబు చెప్పుకోవడం ఏ క్రీడా మంత్రిత్వ శాఖ లెక్కల్లోనూ కనిపించని ఖర్చు.

ఢిల్లీకి రాక

మల్లీశ్వరి అక్కతో కలిసి ఢిల్లీకి చేరాక భారత క్రీడా ప్రాధికార సంస్థ దృష్టిలో పడ్డారు. 1990లో జాతీయ శిబిరంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్లు.

అప్పట్లో భారత మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు మణిపూర్ లిఫ్టర్ కుంజరాణి దేవి పెద్దదిక్కు. ప్రపంచ పోటీల్లో వెంట వెంటనే రజతాలు తెచ్చి, భారత మహిళలు ఈ క్రీడలో పోటీపడగలరని తొలుత నిరూపించింది ఆమే. మల్లీశ్వరికి ముందు ఈ బాటలో ముళ్లు ఏరినవారిలో కుంజరాణిది మొదటి వరుస. దేశానికి ఒక కొస ఇంఫాల్, మరో కొస ఆమదాలవలస. ఈ రెండు దూరపు ఊళ్ల అమ్మాయిలు ఒకే శిబిరంలో ఒకే ఇనుము ఎత్తడంతో భారత మహిళల వెయిట్‌లిఫ్టింగ్ నిలదొక్కుకుంది.

పోటీ తీరు

వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు పద్ధతులు ఉంటాయి. మొదటిది స్నాచ్. నేల మీది బార్‌ను ఎక్కడా ఆపకుండా ఒకే ఊపున తలపైకి తేవాలి. రెండోది క్లీన్ అండ్ జెర్క్. బార్‌ను ముందు భుజాల దాకా తెచ్చి, నిలదొక్కుకుని, అక్కడి నుంచి తలపైకి విసరాలి. ఒక్కో పద్ధతిలో మూడేసి ప్రయత్నాలు ఉంటాయి. ప్రతి పద్ధతిలోని అత్యుత్తమ బరువును కూడితే మొత్తం వస్తుంది, ఆ మొత్తమే స్థానాన్ని తేలుస్తుంది. ముగ్గురు రిఫరీలలో ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తే ఆ ప్రయత్నం చెల్లుతుంది. స్త్రీల బార్ బరువు 15 కిలోలు, పురుషులది 20 కిలోలు. సిడ్నీ నాటికి బరువు కనీసం 2.5 కిలోల చొప్పున పెరిగేది. ఇద్దరి మొత్తం సమానమైతే శరీర బరువు తక్కువ ఉన్నవారిని గెలిచినట్లు లెక్కించేవారు. సిడ్నీ పోటీలో పతకాల రంగును ఈ చివరి రెండు నియమాలే తేల్చాయి.

ఈ క్రీడలో బలం ఒక్కటే చాలదు. స్నాచ్‌లో బార్ పైకి లేచే క్షణంలోనే లిఫ్టర్ దాని కిందికి దూరి చతికిలబడాలి. రెప్పపాటు ఆలస్యమైనా బార్ వెనక్కో ముందుకో జారిపోతుంది. అందుకే మెరుపు వేగం, కీళ్ల వశ్యత, నడుము పట్టు, నిబ్బరం కలిసినవారే పెద్ద లిఫ్టర్లు అవుతారు.

స్త్రీలకు తెరుచుకున్న తలుపు

పురుషుల వెయిట్‌లిఫ్టింగ్ 1896 తొలి ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే ఉంది. స్త్రీలు ఒలింపిక్స్‌లో బరువెత్తడానికి అక్కడి నుంచి 104 ఏళ్లు పట్టింది. మహిళల తొలి ప్రపంచ పోటీలు 1987లో అమెరికాలోని డేటోనా బీచ్‌లో జరిగాయి. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో మహిళలకు చోటు దక్కింది. 2000 సిడ్నీలో ఒలింపిక్స్ ఏడు విభాగాలతో వారికి తలుపు తీసింది.

మల్లీశ్వరి బార్ పట్టుకున్న ఏడాదికి, ప్రపంచ పోటీలు మొదలైన ఏడాదికి పెద్ద తేడా లేదు. శిక్షణ మొదలుపెట్టిన రోజున ఆమె ముందు ఒలింపిక్ కల లేదు, ఆ క్రీడలో స్త్రీలకు ఒలింపిక్ వేదికే లేదు. తలుపు తెరుస్తారో లేదో తెలియని గది ముందు ఏళ్ల తరబడి సాధనతో నిలబడ్డారు ఆ తరం లిఫ్టర్లంతా. ఇస్తాంబుల్‌లోనో గ్వాంగ్‌జౌలోనో జరిగిన ప్రపంచ పోటీల్లో తాము గెలిచిన పతకానికి ఇంట్లో ఎంత విలువ ఉంటుందో కూడా వారికి తెలియదు. వారి ఓర్పును కొలిచేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రపంచ విజేత

1993 మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో మల్లీశ్వరి 54 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. 1994 ఇస్తాంబుల్‌లో అదే విభాగంలో స్వర్ణం. ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. 1995 గ్వాంగ్‌జౌలో ఆ స్వర్ణాన్ని నిలబెట్టుకున్నారు. 1996 వార్సాలో మళ్లీ కాంస్యం. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో 54 కిలోల విభాగంలోనూ, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలోనూ రజతాలు గెలిచారు.

1994లో అర్జున పురస్కారం అందుకున్నారు. 1995–96 సంవత్సరానికి రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న దక్కింది. దేశ అత్యున్నత క్రీడా పురస్కారమైన ఖేల్‌రత్న పొందిన తొలి మహిళ ఆమే. 1999లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ సిడ్నీకి ముందే వచ్చాయి. అంటే ఒలింపిక్ పతకం గాలివాటంగా తగిలిన అదృష్టం కాదు. ఏళ్ల తరబడి ప్రపంచ అగ్రశ్రేణిలో నిలబడి ఆడినదానికి ఫలితం.

1997లో సహచర లిఫ్టర్ రాజేశ్ త్యాగిని వివాహం చేసుకుని హర్యానాలోని యమునానగర్‌లో స్థిరపడ్డారు.

సిడ్నీ, 2000

1998లో అంతర్జాతీయ సమాఖ్య బరువు విభాగాలన్నిటినీ మార్చేసింది. మల్లీశ్వరి పేరు నిలిపిన 54 కిలోల విభాగం ఆ మార్పుతో మాయమైంది. సిడ్నీలో ఆమె 69 కిలోల విభాగంలో దిగారు. ఒలింపిక్స్‌కు ముందు జట్టు ఎంపికపై, ఆమె బరువు పెరగడంపై, కుంజరాణిని పక్కన పెట్టడంపై పత్రికల్లో విమర్శలు వచ్చాయి. మంచి రోజులు అయిపోయాయన్న మాటల్ని ఆమె పోటీకి ముందే మోయవలసి వచ్చింది.

సెప్టెంబరు 19న స్నాచ్‌లో ఆమె 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. మొత్తం 240. చైనా లిఫ్టర్ లిన్ వెయినింగ్, హంగేరీ లిఫ్టర్ ఎర్జెబెట్ మార్కుష్ ఇద్దరూ 242.5 కిలోలతో ఆమె కన్నా ఒక మెట్టు ముందున్నారు. శరీర బరువు తక్కువ కావడంతో లిన్‌కు స్వర్ణం, మార్కుష్‌కు రజతం దక్కాయి. మల్లీశ్వరి చివరి ప్రయత్నానికి 137.5 కిలోలు కోరారు. అది నిలబడి ఉంటే మొత్తం 247.5 కిలోలతో స్వర్ణం ఆమెదే. నిలబడలేదు. కాంస్యానికీ స్వర్ణానికీ మధ్య తేడా 2.5 కిలోలే, ఆనాటి నియమాల్లో అంతకంటే చిన్న మెట్టు లేదు.

స్వతంత్ర భారతదేశానికి అది మూడో వ్యక్తిగత పతకం. 1952 హెల్సింకిలో మల్లయోధుడు కె.డి. జాదవ్, 1996 అట్లాంటాలో టెన్నిస్ ఆటగాడు లియాండర్ పేస్ అంతకు ముందు కాంస్యాలు గెలిచారు. స్వతంత్ర దేశం తరఫున మహిళలు తొలిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది 1952లోనే. నీలిమా ఘోష్, మేరీ డిసౌజా పరుగులో, డాలీ నజీర్, ఆరతీ సాహా ఈతలో పోటీపడ్డారు. 1984 లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో 400 మీటర్ల హర్డిల్స్ కాంస్యం పోగొట్టుకున్నారు. మొదటి నలుగురి నుంచి మొదటి పతకం దాకా పట్టిన కాలం 48 ఏళ్లు.

సిడ్నీ తర్వాత

2001లో మల్లీశ్వరికి కొడుకు పుట్టాడు. తిరిగి సాధన మొదలుపెట్టాక 2002లో తండ్రి మరణంతో కామన్వెల్త్ క్రీడలకు దూరమయ్యారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నడుము గాయంతో పోటీ పూర్తి చేయలేకపోయారు. ఆ తర్వాత క్రీడ నుంచి విరమించి, భారత ఆహార సంస్థలో ఉన్నతోద్యోగంలో కొనసాగారు. తల్లి అయ్యాక బరువులెత్తి మళ్లీ ఒలింపిక్స్ దాకా వెళ్లిన భారతీయ మహిళలు అప్పటికి కనబడరు. ఏథెన్స్ ఫలితం పక్కన పెట్టి చూసినా ఆ ప్రయత్నానికి సొంత విలువ ఉంది.

ఏథెన్స్ భారత వెయిట్‌లిఫ్టింగ్‌కు మరో విధంగా చేదు మిగిల్చింది. ఇద్దరు భారత మహిళా లిఫ్టర్లు డోపింగ్ పరీక్షలో పట్టుబడ్డారు. తర్వాతి ఏళ్లలోనూ ఈ క్రీడను ఆ మచ్చ వెంటాడింది. శరీరాన్ని చెడగొట్టే మందులు పిల్లల చేతిలో పెట్టే శిక్షణ వ్యవస్థ ఎంత ప్రమాదకరమో అది చూపింది. బరువులెత్తే అమ్మాయికి తెరుచుకున్న దారి పదిలంగా ఉండాలంటే ఆ దారిలో నిజాయితీ కూడా ఉండాలి.

సిడ్నీ తర్వాత మరో భారతీయ మహిళ ఒలింపిక్ పతకం గెలవడానికి 12 ఏళ్లు పట్టింది. 2012 లండన్‌లో బ్యాడ్మింటన్‌లో సైనా నెహ్వాల్, బాక్సింగ్‌లో మేరీ కోమ్ కాంస్యాలు తెచ్చారు. ఇక్కడ తెలుగువారికి ఆనందం కలిగించే సంగతి ఒకటుంది. శ్రీకాకుళం అమ్మాయి హర్యానా కోడలై అక్కడ క్రీడకు కుదురు కడితే, హర్యానాలోని హిసార్‌లో పుట్టిన సైనా హైదరాబాద్‌లో ఎదిగి పతకం గెలిచారు. ఒక ఊరు ఇచ్చిన బిడ్డను మరో ఊరు పెంచుకుంది.

ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ టైటిల్ మరోసారి భారత్‌కు రావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 1995లో మల్లీశ్వరి గెలిచిన 22 ఏళ్లకు, 2017లో అనాహైమ్‌లో మీరాబాయి చాను ప్రపంచ విజేత అయ్యారు. ఆమె 2021 జులై 24న టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో మొత్తం 202 కిలోలతో రజతం గెలిచారు. మీరాబాయి కూడా మణిపూర్ బిడ్డే. కుంజరాణి వేసిన విత్తు అక్కడ మొలకెత్తుతూనే ఉంది.

రాజధానిలో కొత్త బాధ్యత

ఢిల్లీ ప్రభుత్వం 2019లో శాసనం ద్వారా ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి శ్రీకారం చుట్టింది. పశ్చిమ ఢిల్లీ శివారులోని ముండ్కాలో దాని ప్రాంగణం ఉండాలన్నది ప్రణాళిక. 2021 జూన్‌లో తొలి ఉపకులపతిగా మల్లీశ్వరిని నియమించారు.

ఈ విశ్వవిద్యాలయం వెనక ఉన్న ఆలోచన ముఖ్యమైనది. మన దేశంలో ఆడుకునే పిల్లవాడికి ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న, చదువు ఏమవుతుందనే. తెల్లవారుజామున సాధన, పగలంతా తరగతులు, మళ్లీ సాయంత్రం సాధన. పరీక్షలు వచ్చేసరికి రెండిట్లో ఒకటి వదులుకోక తప్పదు. ఆడపిల్ల విషయంలో ముందుగా వదిలించేది ఆటనే. ఆటనే చదువుగా గుర్తించి, క్రీడాకారుడు తాను ఎంచుకున్న క్రీడలోనే పట్టా పొందేలా చూడటం ఈ విశ్వవిద్యాలయం లక్ష్యం. దాని ఆధ్వర్యంలో నడిచే ఢిల్లీ స్పోర్ట్స్ స్కూల్ బడి ఈడు పిల్లలకు చదువునూ ఒలింపిక్ క్రీడల శిక్షణనూ ఒక్క చోట అందిస్తుంది. ఆ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ కూడా ఉంది.

బడి రోజుల్లో ఎవరూ తనకు ఇవ్వని వెసులుబాటును వేల మంది పిల్లలకు ఇచ్చే పని ఆమె చేతికి వచ్చింది. యమునానగర్‌లో తన పేరిట నెలకొల్పిన ఫౌండేషన్ ద్వారా అమ్మాయిలకూ అబ్బాయిలకూ వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే పని కూడా సాగిస్తున్నారు.

రాజధాని చుట్టూ మారిన వాతావరణం

మల్లీశ్వరి కోడలిగా వెళ్లిన హర్యానాలో 2001 జనగణన ప్రకారం వెయ్యి మంది పురుషులకు స్త్రీలు 861 మందే. రాష్ట్రాలన్నిటిలో అది అట్టడుగు. 2011కు అది 879కి పెరిగినా స్థానం మారలేదు. ఆడపిల్ల పుట్టుకనే భారంగా చూసిన ఆ నేల మీదే తర్వాతి దశాబ్దంలో అమ్మాయిల క్రీడలు ఉప్పొంగాయి.

2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు ఆతిథ్యమిచ్చింది. జవాహర్‌లాల్ నెహ్రూ క్రీడా ప్రాంగణంలో జరిగిన వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో రేణుబాలా చాను 58 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. కుస్తీలో హర్యానా అమ్మాయి గీతా ఫోగట్ స్వర్ణం అందుకున్నారు. 2016 రియోలో భారత్‌కు దక్కిన రెండు పతకాలూ మహిళలవే. ఒకటి తెలుగమ్మాయి పి.వి. సింధు రజతం, రెండోది రోహ్‌తక్ జిల్లా మొఖ్రాకు చెందిన సాక్షీ మలిక్ కాంస్యం. 2024 పారిస్‌లో ఝజ్జర్ జిల్లా గోరియా అమ్మాయి మనూ భాకర్ షూటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచి, స్వాతంత్ర్యం తర్వాత ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు సాధించిన తొలి భారతీయ క్రీడాకారిణి అయ్యారు. రోహ్‌తక్, ఝజ్జర్ రెండూ జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమే.

ఈ గెలుపులన్నీ ఒక్క మల్లీశ్వరి వల్లే వచ్చాయనడం సరికాదు. ఒక్కొక్కరి వెనకా ఒక తండ్రి పట్టుదల, ఒక అఖాడా, ఒక రేంజ్, ఒక కోచ్ ఉన్నారు. కాని ‘ఆడపిల్ల ఒలింపిక్ పతకం తేగలదా?’ అన్న ప్రశ్న 2000 తర్వాత దేశంలో ఎవరూ అడగలేదు. మిగిలినదల్లా ‘మన పిల్ల తేగలదా?’ అన్న ప్రశ్నే. మొదటి ప్రశ్న తొలగిపోతేనే ఇంటివారికి రెండోది తోస్తుంది.

మంచు మీదా ఇదే కథ

బలక్రీడల్లో స్త్రీలకు ఆలస్యంగా చోటు దక్కడం భారత్‌కో, ఇనుముకో పరిమితం కాదు. మంచు సొరంగం లాంటి వంపుల దారిలో ఉక్కు బండిని నెట్టి, దూకి ఎక్కి, గంటకు 100 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోయే బాబ్‌స్లెడ్ ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఈ క్రీడలోనూ మొదటి కొన్ని సెకన్ల పరుగులో కాలి బలం, నడుము పట్టే గెలుపును నిర్ణయిస్తాయి. పురుషులకు 1924 తొలి శీతాకాల ఒలింపిక్స్ నుంచే ఇందులో చోటు ఉంది. స్త్రీలకు సిడ్నీ తర్వాత రెండేళ్లకు, 2002 సాల్ట్‌లేక్ సిటీలో దక్కింది. ఆ తొలి పోటీలో జిల్ బ్యాకెన్‌తో కలిసి గెలిచిన వొనెట్టా ఫ్లవర్స్, శీతాకాల ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించిన తొలి నల్లజాతి క్రీడాకారిణి.

ఆమె తర్వాతి తరంలో అమెరికా బాబ్‌స్లెడ్ క్రీడాకారిణి ఎలానా మేయర్స్ టేలర్ 2010 నుంచి 2022 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో ఐదు పతకాలు గెలిచారు. 2015, 2017లో ప్రపంచ విజేత అయ్యారు. నలుగురెక్కే బండి పోటీలో స్త్రీపురుషుల భేదాన్ని 2014లో అంతర్జాతీయ బాబ్‌స్లెడ్ సమాఖ్య తొలగించగానే, ఆమె, అప్పట్లో కెనడా తరఫున ఆడిన కెయిలీ హంఫ్రీస్ పురుషులున్న బండ్లను నడిపారు. మేయర్స్ టేలర్ 2020లో తల్లి అయ్యాక, 2022 బీజింగ్‌లో రెండు పతకాలు గెలిచారు. మల్లీశ్వరి 2004లో ఏ ఆశతో ఏథెన్స్‌కు వెళ్లారో ఆ ఆశ మరో ఖండపు క్రీడాకారిణికి, మరో క్రీడలో నెరవేరింది.

ఈ రెండు కథలకూ ఒకే వెన్నెముక. శక్తి స్త్రీలలో ముందునుంచీ ఉంది. లేనిదల్లా దాన్ని చూపించే వేదిక. పోటీ పట్టికలో స్త్రీల విభాగం చేర్చిన రోజు నుంచి పదేళ్లు తిరగకముందే ప్రపంచ ప్రమాణాలు మారిపోయాయి. నిర్వాహకులు చెప్పిన అశక్తత స్త్రీలది కాదని అక్కడే తేలింది.

స్థానం, ప్రభావం

మల్లీశ్వరి కృషిని మూడు వరుసల్లో చూడవచ్చు. మొదటిది సాధన. రెండు ప్రపంచ స్వర్ణాలు, రెండు ప్రపంచ కాంస్యాలు, రెండు ఆసియా క్రీడల రజతాలు, ఒక ఒలింపిక్ కాంస్యం. రెండోది తొలిమెట్టు. ఒలింపిక్ పతకం, ఖేల్‌రత్న రెండింటిలోనూ ఆమెకు ముందు మరో భారతీయ మహిళ లేరు, ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతీ ఆమే. మూడోది సంస్థ. ఒక్కరు గెలిచి ఆగిపోతే అది ఒక ఇంటి సంతోషం. ఆ గెలుపు నుంచి బడి, శిక్షణశాల, పట్టా పుట్టినప్పుడు అది సమాజానికి ఆస్తి అవుతుంది.

సిడ్నీ నుంచి లండన్ దాకా 12 ఏళ్లు మౌనంగా గడిచిపోవడానికి కారణం ఈ మూడోది లేకపోవడమే. మొదటి పతకం దేశాన్ని ఊరేగించింది కాని, ఆమదాలవలస లాంటి వంద ఊళ్లలో బార్లు, ప్లేట్లు, కోచ్‌లు వెంటనే ప్రత్యక్షం కాలేదు. అడ్డుగోడలో ఒక్క మనిషి కన్నం పెట్టగలరు, దానికి ద్వారబంధం బిగించాల్సింది సంస్థలు. క్రీడాకారిణిగా మొదటి పని చేసిన మల్లీశ్వరి, ఢిల్లీలో రెండో పనికి భుజం ఇచ్చారు. సన్నగా ఉందని ఒకనాడు శిక్షణశాల గుమ్మం దగ్గర ఆగిపోయిన అమ్మాయికి, ఆ గుమ్మం ఎంత వెడల్పుండాలో ఎవరూ చెప్పనక్కర లేదు.